లెన్సు మౌంటు అడాప్టరుతో వీడియో చిత్రీకరణ

లెన్సు మౌంటు అడాప్టరు అనగా ఒక రకపు కెమెరా కోసం తయారైన లెన్సును (కటకాన్ని) మరొక రకపు కెమెరాకు బిగించడానికి ఉపయోగించే లోహపు వలయం. దీని ఒక ముఖం కెమెరాకు, రెండవ ముఖం లెన్సుకు సరిపోయే విధంగా ఉంటుంది. చాలా అడాప్టర్లలో గాజు ఉండదు. లెన్సుకు, కెమెరాలోని సెన్సరుకు మధ్య ఉండవలసిన దూరాన్ని కచ్చితంగా నిలిపి ఉంచడమే వీటి పని.

ఫొటోలు తీసే లెన్సులతో వీడియో తీయడం 2008 నుండి బాగా వ్యాప్తిలోకి వచ్చింది. సినిమా చిత్రీకరణ కోసమే తయారయ్యే లెన్సుల ధర లక్షలలో ఉంటుంది. 1960ల నుండి 1980ల వరకు ఫిల్ము కెమెరాల కోసం తయారైన ఫొటో లెన్సులలో చాలా వాటిని పాత సామానుగా అందులో చిన్న భాగానికే కొనవచ్చు. ఈ వ్యత్యాసమే విద్యార్థులను, లఘుచిత్రాలు తీసేవారిని అడాప్టర్ల వైపు నడిపించింది. అయితే ప్రతి లెన్సూ ప్రతి కెమెరాకూ అమరదు. ఏది అమరుతుంది, ఏది అమరదు అనేది కంపెనీ పేరుపై గాక కొన్ని మిల్లీమీటర్ల దూరంపై ఆధారపడి ఉంటుంది.

ఫ్లాంజి దూరం

కుంభాకార కటకం బహుదూరంలో ఉన్న వస్తువు యొక్క ప్రతిబింబాన్ని తన నాభి వద్ద ఏర్పరుస్తుందని పాఠశాల భౌతికశాస్త్రంలో చెబుతారు. కెమెరా లెన్సులో ఒకటి కాక అనేక కటకాలు వరుసగా ఉన్నప్పటికీ సూత్రం ఇదే. అందువలన లెన్సును తయారు చేసేటప్పుడే, దాని వెనుక అంచు నుండి ఎంత దూరంలో ప్రతిబింబం ఏర్పడాలో ముందుగా నిర్ణయిస్తారు. లెన్సు ఆనుకొని కూర్చునే మౌంటు ముఖానికి, ఫిల్ముకు (లేదా సెన్సరుకు) మధ్య గల ఈ దూరాన్నే ఫ్లాంజి దూరం అంటారు. ఒకే మౌంటుకు చెందిన లెన్సులన్నిటికీ, అవి 20 మి.మీ. వైనా 200 మి.మీ. వైనా, ఈ దూరం ఒక్కటే.

తరచుగా ఎదురయ్యే మౌంట్ల ఫ్లాంజి దూరాలు మిల్లీమీటర్లలో ఇలా ఉన్నాయి:

నికాన్ జెడ్ – 16.00
సి మౌంటు – 17.526
ఫుజీఫిల్మ్ ఎక్స్ – 17.70
సోనీ ఇ – 18.00
మైక్రో ఫోర్ థర్డ్స్ – 19.25
కెనాన్ ఆర్.ఎఫ్. – 20.00
ఎల్ మౌంటు – 20.00
లైకా ఎం – 27.80
కెనాన్ ఎఫ్.డి. – 42.00
మినోల్టా ఎం.డి. – 43.50
కెనాన్ ఇ.ఎఫ్. – 44.00
ఎం42 మర మౌంటు – 45.46
పెంటాక్స్ కె – 45.46
ఒలింపస్ ఓ.ఎం. – 46.00
నికాన్ ఎఫ్ – 46.50
ఆరి పి.ఎల్. – 52.00

ఈ పట్టికలో పై వరుసల్లో ఉన్నవి ఎక్కువగా అద్దం లేని (మిర్రర్‌లెస్) కెమెరాలవి, కెనాన్ ఎఫ్.డి. నుండి నికాన్ ఎఫ్ వరకు ఉన్నవి అద్దం ఉన్న ఎస్.ఎల్.ఆర్. కెమెరాలవి. ఎస్.ఎల్.ఆర్.లో లెన్సుకు, ఫిల్ముకు మధ్య ఒక అద్దం పైకి లేచి దిగుతూ ఉండాలి. ఆ అద్దం కదలడానికి చోటు కావాలి కనుక ఫ్లాంజి దూరం 40 మి.మీ. పైబడి ఉంచవలసి వచ్చింది.

అడాప్టరు మందం కనుగొనడానికి ఒక తీసివేత చాలు: లెన్సు ఫ్లాంజి దూరం నుండి కెమెరా ఫ్లాంజి దూరాన్ని తీసివేయాలి. నికాన్ ఎఫ్ లెన్సును సోనీ ఇ కెమెరాకు బిగించాలంటే 46.50 – 18.00 = 28.50 మి.మీ. మందం గల వలయం కావాలి. అదే లెన్సును కెనాన్ ఇ.ఎఫ్. కెమెరాకు బిగించాలంటే 2.50 మి.మీ. పలుచని వలయం చాలు. దీనిని తిరగవేసి, కెనాన్ ఇ.ఎఫ్. లెన్సును నికాన్ ఎఫ్ కెమెరాకు బిగించాలంటే ఫలితం ఋణ సంఖ్య అవుతుంది. అంటే లెన్సు కెమెరా లోపలికి 2.50 మి.మీ. దిగి కూర్చోవాలి. మామూలు వలయంతో ఇది సాధ్యం కాదు.

అయినా బలవంతంగా బిగిస్తే ఏమవుతుంది? 50 మి.మీ. లెన్సు తన స్థానం కంటే 2 మి.మీ. ముందుకు జరిగి ఉన్నదనుకుందాం. అనంతం గుర్తు వద్ద ఉంచినా ఆ లెన్సుకు సుమారు 1.3 మీటర్ల దూరంలోని వస్తువు మాత్రమే స్పష్టంగా కనిపిస్తుంది. అంతకు మించిన దూరంలోని వాటికి ఫోకసు చేయడం కుదరదు. పువ్వులను, పురుగులను తీయడానికి ఇది పనికివస్తుంది గాని వీధిలో నడిచే మనిషిని తీయడానికి పనికిరాదు. ఈ లోపాన్ని సరిచేయడానికి కొన్ని అడాప్టర్లలో చిన్న పుటాకార కటకం అమరుస్తారు. దానివలన దూరం సరిపోతుంది, కాని ఎంతో శ్రద్ధతో రూపొందించిన లెన్సు వెనుక ఒక చవక గాజు చేరుతుంది. ఎపర్చరు పూర్తిగా తెరిచినప్పుడు అంచులు మసకబారడం, వెలుగు చుట్టూ పొగ వంటి తెర కనిపించడం ఇటువంటి అడాప్టర్లలో సాధారణం.

పదవ వంతు మిల్లీమీటరు

అడాప్టరు ఖరీదు వందల్లో మొదలై పదుల వేల వరకు ఉండడం చూసి, ఖాళీ వలయానికి అంత ధర ఎందుకని చాలామంది ఆశ్చర్యపోతారు. దీనికి జవాబు మందంలోని కచ్చితత్వంలో ఉంది. న్యూటను కటక సూత్రం ప్రకారం, మందంలో ఉన్న దోషం ఫోకసును ఎంత దూరం తప్పిస్తుందో తెలుసుకోవడానికి నాభ్యంతరం వర్గాన్ని ఆ దోషంతో భాగించాలి. అడాప్టరు మందంలో 0.1 మి.మీ. తేడా ఉన్నదనుకుంటే, 50 మి.మీ. లెన్సుకు 2500 ÷ 0.1 = 25,000 మి.మీ., అంటే 25 మీటర్లు. 20 మి.మీ. లెన్సుకు 400 ÷ 0.1 = 4,000 మి.మీ., అంటే 4 మీటర్లే.

వలయం 0.1 మి.మీ. మందంగా ఉంటే 20 మి.మీ. లెన్సు అనంతం గుర్తు వద్ద నాలుగు మీటర్ల దూరంలోని మనిషిని స్పష్టంగా చూపి, అతని వెనుక ఉన్న కొండలను మసకగా చూపుతుంది. వాటిని స్పష్టం చేయడానికి ఇక తిప్పే వీలుండదు. వలయం అంతే పలుచనైతే, లెన్సుపై 4 మీటర్ల గుర్తు వద్దనే కొండలు స్పష్టమవుతాయి; ఆపైన తిప్పితే ఏదీ స్పష్టంగా ఉండదు. రెండింటిలో రెండవదే తక్కువ నష్టం కాబట్టి చాలామంది తయారీదారులు అడాప్టర్లను కావాలనే కొద్దిగా పలుచగా చేస్తారు. చిన్న ఎపర్చరు వాడినప్పుడు ఈ దోషం కొంతవరకు కప్పబడుతుంది.

ఫొటో తీసేవారికి ఇది పెద్ద చిక్కు కాదు. తెరపై చూసి ఫోకసు చేసుకుంటారు. వీడియోలో మాత్రం నటుడు నడుస్తూ ఉండగా లెన్సుపై ఉన్న దూరపు గుర్తులను చూసి ఫోకసు మార్చే పద్ధతి ఉంది. టేపుతో కొలిచిన దూరం, లెన్సుపై గుర్తు ఒకదానికొకటి సరిపోకపోతే ఆ పద్ధతి మొత్తం వృథా అవుతుంది. జూమ్ లెన్సులకు నష్టం ఇంకా ఎక్కువ. దగ్గరకు జూమ్ చేసి ఫోకసు సరిచేసుకొని, తిరిగి వెడల్పుకు వచ్చినా ఫోకసు చెదరని జూమ్ లెన్సులు కొన్ని ఉన్నాయి. ఫ్లాంజి దూరం తప్పితే వాటి ఈ గుణం పోతుంది. మంచి అడాప్టర్లలో మౌంటు కింద అతి పలుచని లోహపు రేకులు పెట్టి మందాన్ని సవరించుకునే ఏర్పాటు ఉంటుంది.

చరిత్ర

ఒక అవసరానికి చేసిన లెన్సును మరొక కెమెరాకు అమర్చడం డిజిటల్ యుగానికి ముందే ఉంది. స్టాన్లీ కుబ్రిక్ తీసిన బారీ లిండన్ (1975) చిత్రంలో కొవ్వొత్తుల వెలుగులో చిత్రించిన దృశ్యాలకు జైస్ కంపెనీ నాసా కోసం చేసిన 50 మి.మీ. ఎఫ్/0.7 లెన్సును వాడారు. ఈ లెన్సు వెనుక భాగం ఫిల్ముకు అతి సమీపంలోకి రావాలి. అందుకు సరిపోయే వలయం ఏదీ లేదు కనుక సినిమా ప్రోడక్ట్స్ సంస్థకు చెందిన ఎడ్ డిజులియో ఒక మిచెల్ బి.ఎన్.సి. కెమెరానే కోసి మార్చవలసి వచ్చింది. ఆ తరువాత ఆ కెమెరా ఇతర లెన్సులకు పనికిరాకుండా పోయింది. ఫ్లాంజి దూరం సహకరించకపోతే ఎంత పని పెరుగుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

వీడియో కెమెరాలలో, 1990ల చివరలో వచ్చిన కెనాన్ ఎక్స్.ఎల్.1 మినీ డి.వి. కెమెరాకు లెన్సు మార్చుకునే వీలు ఉండేది. ఫొటో కెమెరాల ఇ.ఎఫ్. లెన్సులను దానికి బిగించే అడాప్టరును కెనాన్ కంపెనీయే అమ్మింది. కాని ఆ కెమెరా సెన్సర్లు చాలా చిన్నవి. ఫొటో లెన్సు ఏర్పరిచే ప్రతిబింబంలో నడిమి భాగం మాత్రమే వాటిపై పడేది. దానివలన దృశ్యకోణం 7.2 రెట్లు ఇరుకయ్యేది, 50 మి.మీ. లెన్సు పెడితే 360 మి.మీ. లెన్సులా కనిపించేది. పక్షులను, జంతువులను తీసేవారికి ఇది వరమే గాని గదిలో సంభాషణ తీసేవారికి ఉపయోగం లేదు.

ఈ ఇబ్బందిని దాటడానికి 2000ల మొదటి దశకంలో గరుకు గాజు అడాప్టర్లు వచ్చాయి. జర్మనీకి చెందిన పి+ఎస్ టెక్నిక్ వారి మినీ35, ఆ తరువాత తక్కువ ధరలో వచ్చిన రెడ్‌రాక్, లీటస్ వంటివి వీటిలో పేరుపొందాయి. ఇందులో ఫొటో లెన్సు తన పూర్తి ప్రతిబింబాన్ని ఒక గరుకు గాజు బిళ్ళపై ఏర్పరుస్తుంది. వీడియో కెమెరా తన సొంత లెన్సుతో ఆ బిళ్ళను చిత్రీకరిస్తుంది. సినిమాలో వలె వెనుక దృశ్యం మసకగా, మనిషి ముఖం స్పష్టంగా వచ్చేది. గాజు గరుకుదనం చిత్రంలో కనిపించకుండా బిళ్ళను మోటారుతో తిప్పేవారు లేదా అదురునట్లు చేసేవారు. కాంతి చాలా నష్టమయ్యేది. నిజ ప్రతిబింబం తలక్రిందులుగా ఉంటుంది కనుక సరిచేసే పట్టకం లేని అడాప్టర్లతో పని చేసేవారు కెమెరా తెరపై తలక్రిందుల దృశ్యాన్నే చూస్తూ తీయవలసి వచ్చేది.

2008లో పరిస్థితి మారింది. ఆ సంవత్సరం ఆగస్టులో ప్రకటించిన నికాన్ డి90 వీడియో తీయగల మొదటి డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా. సెప్టెంబరులో ప్రకటించిన కెనాన్ 5డి మార్క్ 2, ఫిల్ము అంత పెద్ద (36 × 24 మి.మీ.) సెన్సరుతో పూర్తి హై డెఫినిషన్ వీడియో ఇచ్చింది. గరుకు గాజు అడాప్టర్ల అవసరం దీనితో తీరిపోయింది. తెలుగులో రాంగోపాల్ వర్మ దర్శకత్వంలో 2011లో వచ్చిన దొంగల ముఠా చిత్రాన్ని అతి కొద్దిమంది సిబ్బందితో, అయిదు రోజులలో, కెనాన్ 5డి కెమెరాలతో చిత్రీకరించారు.

5డి మార్క్ 2 తొలి రోజులలో ఒక విచిత్రం జరిగింది. మొదట్లో ఆ కెమెరా వీడియో తీసేటప్పుడు ఎపర్చరును, షటరును తానే నిర్ణయించుకునేది. తీసేవారి మాట వినేది కాదు. దీనికి విరుగుడుగా కెనాన్ కెమెరాకు 2.5 మి.మీ. వలయంతో నికాన్ పాత లెన్సులు బిగించారు. ఆ లెన్సుల ఎపర్చరును చేతితోనే తిప్పుకోవచ్చు, కెమెరాకు దానిపై అధికారం ఉండదు. 2009లో కెనాన్ ఫర్మ్‌వేర్ మార్చి ఈ సౌకర్యాన్ని తానే కల్పించేవరకు ఈ పద్ధతి సాగింది. పోటీ కంపెనీ లెన్సు ఉంటే తప్ప కెమెరా చెప్పినట్లు వినకపోవడం ఆ రంగంలో అరుదైన సంగతి.

అద్దం లేని కెమెరాలు

2008 ఆగస్టులోనే పానసోనిక్, ఒలింపస్ సంస్థలు మైక్రో ఫోర్ థర్డ్స్ విధానాన్ని ప్రకటించాయి. అదే సంవత్సరం వచ్చిన పానసోనిక్ జి1లో అద్దం లేదు, వీడియో సౌకర్యం కూడా లేదు. 2009లో వచ్చిన జిహెచ్1 వీడియోను చేర్చింది. 2010లో సోనీ ఎన్.ఇ.ఎక్స్. కెమెరాలు 18 మి.మీ. ఫ్లాంజి దూరంతో వచ్చాయి. అద్దం పోవడంతో ఫ్లాంజి దూరం సగానికి పైగా తగ్గింది. తీసివేతలో ఋణ సంఖ్య వచ్చే సమస్య ఎస్.ఎల్.ఆర్. లెన్సులన్నిటికీ ఒకేసారి తీరిపోయింది.

దీని ప్రభావం ఎక్కువగా కనిపించినది కెనాన్ ఎఫ్.డి. లెన్సుల విషయంలో. 1971లో మొదలైన ఈ మౌంటును కెనాన్ 1987లో విడిచిపెట్టి, దానితో పొత్తు కుదరని ఇ.ఎఫ్. మౌంటుకు మారింది. ఎఫ్.డి. ఫ్లాంజి దూరం 42 మి.మీ., ఇ.ఎఫ్. దూరం 44 మి.మీ. ఆ రెండు మిల్లీమీటర్ల తేడా వలన కెనాన్ పాత లెన్సు కెనాన్ కొత్త కెమెరాపై గాజు లేకుండా పనిచేయలేదు. నికాన్ లెన్సు మాత్రం పనిచేసింది! 1985లో మౌంటు మార్చిన మినోల్టా పాత లెన్సులదీ ఇదే గతి. లెన్సులు చెక్కుచెదరకుండా ఉన్నా వాటిని పెట్టే కొత్త కెమెరా లేక రెండు దశాబ్దాలకు పైగా విలువ కోల్పోయాయి. అద్దం లేని కెమెరాలు వచ్చాక వీటికి తిరిగి గిరాకీ ఏర్పడింది, ధరలూ పెరిగాయి.

2018లో కెనాన్ (ఆర్.ఎఫ్.), నికాన్ (జెడ్) సైతం పూర్తి పరిమాణపు సెన్సరు గల అద్దం లేని కెమెరాలను విడుదల చేశాయి. తమ పాత లెన్సులు కొన్నవారు దూరం కాకుండా రెండు సంస్థలూ సొంత అడాప్టర్లను వాటితోపాటే అందించాయి. 1987 నాటి తప్పు ఈసారి కెనాన్ చేయలేదనవచ్చు. కెనాన్ అడాప్టర్లలో ఒకదానికి మధ్యలో ఫిల్టరు దూర్చే సందు ఉంది. వెలుతురును తగ్గించే ఎన్.డి. ఫిల్టరును లెన్సు ముందు గాక వెనుక పెట్టుకునే ఈ ఏర్పాటు వీడియో తీసేవారికి చాలా ఉపయోగం. నికాన్ వారి ఎఫ్.టి.జెడ్. అడాప్టరులో ఫోకసు మోటారు లేదు. అందువలన కెమెరా మోటారుపై ఆధారపడే పాత ఎ.ఎఫ్.–డి లెన్సులను దానిపై చేతితోనే ఫోకసు చేయాలి.

ప్రతిబింబాన్ని కుదించే అడాప్టర్లు

అడాప్టరు లెన్సు యొక్క నాభ్యంతరాన్ని మార్చదు. 50 మి.మీ. లెన్సు ఏ కెమెరాపై ఉన్నా 50 మి.మీ. లెన్సే. సెన్సరు చిన్నదైతే అది ప్రతిబింబంలో తక్కువ భాగాన్ని తీసుకుంటుంది కనుక దృశ్యం దగ్గరైనట్లు కనిపిస్తుంది. పూర్తి పరిమాణపు సెన్సరుతో పోలిస్తే మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఇది 2 రెట్లు, ఎ.పి.ఎస్.–సి సెన్సర్లలో సుమారు 1.5 రెట్లు (కెనాన్‌లో 1.6) ఉంటుంది. ఇరుకు గదులలో తీసేవారికి ఇది పెద్ద ఆటంకం.

2013 జనవరిలో మెటాబోన్స్ సంస్థ స్పీడ్ బూస్టర్ పేరుతో ఒక అడాప్టరును ప్రకటించింది. దీని కటకాలను రూపొందించినది బ్రియాన్ కాల్డ్‌వెల్. దూరదర్శినులలో ముందునుండీ వాడుకలో ఉన్న సూత్రాన్నే ఇందులో ఉపయోగించారు. అడాప్టరు లోపలి కుంభాకార కటకాల వ్యవస్థ పెద్ద ప్రతిబింబాన్ని 0.71 వంతుకు కుదించి చిన్న సెన్సరుపై పడేటట్లు చేస్తుంది. దీనివలన రెండు లాభాలు. 1.5 రెట్లు ఉన్న ఇరుకుదనం 1.5 × 0.71, అంటే సుమారు 1.07కు తగ్గుతుంది. రెండవది, అంతే కాంతి సగం వైశాల్యంలో పడుతుంది కనుక ప్రకాశం రెట్టింపవుతుంది, ఎఫ్/2.8 లెన్సు ఎఫ్/2 లెన్సులా పనిచేస్తుంది. చీకటి గదులలో, రాత్రి వీధులలో ఒక స్టాపు లాభం చిన్నది కాదు. పైన చెప్పిన పుటాకార గాజు చిత్రాన్ని చెడగొడితే, మంచి కుదింపు అడాప్టరు స్పష్టతను పెంచుతుంది కూడా.

దీనికి హద్దులు లేకపోలేదు. లెన్సు పెద్ద సెన్సరుకు సరిపడా ప్రతిబింబం ఇచ్చేదై ఉండాలి. చిన్న సెన్సరు కోసమే తయారైన లెన్సు పెడితే మూలలు నల్లబడతాయి. లైకా ఎం వంటి తక్కువ ఫ్లాంజి దూరపు లెన్సులకు మధ్యలో గాజు పెట్టే చోటు ఉండదు.

ఎపర్చరు నియంత్రణ

వీడియోలో షటరు వేగాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చడానికి వీలు లేదు. సెకనుకు 25 చట్రాలు తీసేటప్పుడు కదలిక సహజంగా కనిపించడానికి షటరును 1/50 సెకను వద్ద ఉంచుతారు. భారతదేశంలో విద్యుత్తు 50 హెర్ట్‌జ్ కావడం వలన ట్యూబులైట్ల కింద కూడా 1/50 లేదా 1/100 మాత్రమే మినుకు లేకుండా ఉంటాయి. 1/60 పెడితే చిత్రంపై చారలు కదలవచ్చు. కాబట్టి వెలుతురును అదుపు చేయడానికి మిగిలేవి ఎపర్చరు, ఎన్.డి. ఫిల్టర్లు. మిట్ట మధ్యాహ్నపు ఎండలో ఐ.ఎస్.ఓ. 100, షటరు 1/50 అయితే ఎపర్చరు ఎఫ్/22 దాకా మూయాలి. అక్కడ ఎఫ్/2 వాడాలంటే ఏడు స్టాపులు, అంటే కాంతిని 128వ వంతుకు తగ్గించే ఫిల్టరు కావాలి. పాత లెన్సుల ముందు భాగపు కొలతలు రకరకాలుగా ఉంటాయి గనుక పెద్ద ఫిల్టరు ఒకటి కొని, చిన్న లెన్సులకు వలయాలతో బిగించుకోవడం పొదుపు.

ఎపర్చరు వలయం ఉన్న పాత లెన్సులు ఈ పనికి అనుకూలం. అయితే ఫొటోల కోసం చేసిన వలయం ప్రతి స్టాపు వద్ద టక్కుమని ఆగుతుంది. చిత్రీకరణ మధ్యలో తిప్పితే వెలుతురు మెట్లు దిగినట్లు మారడమే కాక ఆ చప్పుడు మైకులో వినబడుతుంది. లోపల ఉన్న చిన్న గుండును తీయించి వలయం నునుపుగా తిరిగేటట్లు చేయించుకునేవారు ఉన్నారు. సోవియట్ యూనియనులో తయారైన హీలియోస్ 44–2 వంటి లెన్సులలో రెండు వలయాలు ఉంటాయి. అందులో ఒకటి మొదటినుండీ చప్పుడు లేకుండా తిరుగుతుంది.

ఎం42 లెన్సులు కొన్నింటి వెనుక ఒక చిన్న పుల్ల ఉంటుంది. దానిని లోపలికి నొక్కితే తప్ప ఎపర్చరు మూసుకోదు. అడాప్టరులో దానిని నొక్కే అంచు ఉన్నదో లేదో కొనే ముందు చూసుకోవాలి. కెనాన్ ఇ.ఎఫ్. లెన్సులలో వలయమే లేదు. ఎపర్చరు మొత్తం విద్యుత్తుతో నడుస్తుంది. విద్యుత్ స్పర్శలు లేని అడాప్టరుపై ఈ లెన్సు పూర్తిగా తెరిచిన స్థితిలోనే ఉండిపోతుంది. అందుచేత ఇ.ఎఫ్. లెన్సులకు ఎలక్ట్రానిక్ అడాప్టరు తప్పనిసరి. సోనీ కెమెరాల కోసం 2016లో వచ్చిన సిగ్మా ఎం.సి.–11 ఇటువంటిది. వలయం లేని నికాన్ జి లెన్సులకు యాంత్రికమైన మీట ఉంటుంది. వాటి అడాప్టరుపైనే ఒక వలయం ఇచ్చి ఆ మీటను కదుపుతారు. దానిపై స్టాపుల అంకెలు ఉండవు కనుక అంచనాతో పని చేయవలసిందే.

ఫోకసు, బిగువు

ఆటోఫోకసు లేకపోవడం ఫొటోగ్రాఫర్లకు లోపంగా కనిపించవచ్చు. వీడియోలో పాత లెన్సుల ఫోకసు వలయమే మేలు అనేవారు ఎక్కువ. అది చాలా దూరం నెమ్మదిగా తిరుగుతుంది, రెండు చివరలా గట్టిగా ఆగుతుంది, ఒకే గుర్తు వద్ద ప్రతిసారీ ఒకే ఫోకసు ఇస్తుంది. కొత్త ఆటోఫోకసు లెన్సులు చాలావాటిలో వలయం మోటారుకు సంకేతం మాత్రమే పంపుతుంది. వేగంగా తిప్పితే ఒక ఫలితం, నెమ్మదిగా తిప్పితే మరొకటి. ఒకటి గమనించాలి: నికాన్ లెన్సుల వలయం కెనాన్ లెన్సులకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. రెండు రకాల లెన్సులను కలిపి వాడితే చేతి అలవాటు తప్పుతుంది.

చవక అడాప్టర్లలో ఎక్కువగా కనబడే దోషం వదులు. ఫోకసు వలయాన్ని తిప్పినప్పుడు లెన్సు మొత్తం వెంట్రుకవాసి కదిలినా తెరపై దృశ్యం పక్కకు గెంతుతుంది. ఫొటోలో తెలియని ఈ దోషం వీడియోలో దాగదు. బరువైన లెన్సుల భారమంతా కెమెరా మౌంటుపై పడకుండా అడాప్టరుకు ఉన్న కాలును స్టాండుకు బిగించాలి. లోపలి గోడలు నిగనిగలాడే అడాప్టరులో కాంతి పరావర్తనం చెంది చిత్రం తెల్లబారుతుంది. నల్లని మఖమలు గుడ్డ అంటించడం దీనికి వాడుకలో ఉన్న ఉపాయం.

కెమెరాలో రెండు అమరికలు మార్చాలి. లెన్సు లేకుండా పనిచేసే అనుమతి ఇవ్వకపోతే కొన్ని కెమెరాలు అడాప్టరును గుర్తించక చిత్రీకరణకు నిరాకరిస్తాయి. సెన్సరు కదిలి అదురును తగ్గించే కెమెరాలలో లెన్సు నాభ్యంతరాన్ని చేతితో నమోదు చేయాలి; 28 మి.మీ. లెన్సు పెట్టి 135 అని ఉంచితే అదురు తగ్గడానికి బదులు పెరుగుతుంది.

పాత లెన్సులు కొనేటప్పుడు

మాస్కో సమీపంలోని క్రాస్నొగోర్స్క్ కర్మాగారంలో తయారైన హీలియోస్ 44 (58 మి.మీ. ఎఫ్/2), జైస్ బయోటార్ నమూనాపై ఆధారపడినది. ముఖం వెనుక ఉన్న ఆకులు, దీపాలు సుడి తిరిగినట్లు కనిపించడం దీని ప్రత్యేకత. కటక శాస్త్రం దృష్టిలో ఇది లోపమే. అయినా ఆ లోపం కోసమే దీనిని కొంటున్నారు. 2024లో వచ్చిన డ్యూన్: పార్ట్ టూ చిత్రంలో సోవియట్ కాలపు లెన్సులను కొత్త తొడుగులలో అమర్చి కొన్ని దృశ్యాలకు వాడారు. 2023లో వచ్చిన ది క్రియేటర్ చిత్రాన్ని సోనీ ఎఫ్.ఎక్స్.3 అనే చిన్న కెమెరాతో, పాత కోవా ఎనామార్ఫిక్ లెన్సులతో తీశారు.

అన్ని పాత లెన్సులూ కొత్త సెన్సర్లపై బాగుండవు. సెన్సరు ముందు ఒక రక్షణ గాజు ఉంటుంది. మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాలలో దాని మందం సుమారు 4 మి.మీ. ఫిల్ము కోసం లెన్సు చేసినవారి లెక్కలో ఈ గాజు లేదు. ఎస్.ఎల్.ఆర్. లెన్సులలో తేడా పెద్దగా తెలియదు గాని, కిరణాలు ఏటవాలుగా పడే లైకా ఎం రకపు వెడల్పు కోణం లెన్సులలో అంచులు మసకబారుతాయి. పెంటాక్స్ వారి సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 వంటి కొన్ని లెన్సుల గాజులో థోరియం కలిపారు. కాలక్రమేణా ఆ గాజు పసుపు రంగుకు తిరుగుతుంది. కొన్ని రోజులు అతినీలలోహిత కాంతిలో ఉంచితే రంగు చాలావరకు విరుగుతుంది.

కొనే ముందు లెన్సును వెలుగుకు పట్టి లోపల సాలెగూడు వంటి దారాలు ఉన్నాయేమో చూడాలి, అది బూజు. విశాఖపట్నం, కాకినాడ వంటి తేమ ఎక్కువగా ఉండే తీర ప్రాంతాలలో లెన్సులను తోలు సంచులలో మూసి ఉంచితే బూజు త్వరగా పడుతుంది. మూత గట్టిగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, ఆ పొట్లాలను అప్పుడప్పుడు వేడిచేసి ఆరబెట్టాలి. అడాప్టరు అసలు మందాన్ని పరీక్షించడానికి రాత్రివేళ ఎపర్చరు పూర్తిగా తెరిచి చంద్రుని వైపు గురిపెట్టి, తెరపై దృశ్యాన్ని పెద్దది చేసి చూడాలి. అనంతం గుర్తుకు కొంచెం ముందే చంద్రబింబం అంచు స్పష్టమైతే ఆ వలయం పనికి వస్తుంది. గుర్తు దాకా తిప్పినా స్పష్టం కాకపోతే వలయం మందంగా ఉన్నట్లు. దానిని దుకాణదారుకు తిరిగి ఇచ్చివేయడం మంచిది.